కుళాయి నీళ్ళలో 40 ఏళ్ళు పేరు దొరకని పదార్థం: మాస్ స్పెక్ట్రోమీటర్ దాన్ని ఎలా పట్టుకుంది?

ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ మెసేజ్‌తో మొదలైంది.

మా పిన్ని కూతురు అమెరికాలో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. నాలుగు నెలల పాప. పాలపొడి కుళాయి నీళ్ళతోనే కలుపుతుంది. మొన్న రాత్రి నాకో రీల్ ఫార్వర్డ్ చేసింది. "అమెరికా నీళ్ళలో విషం! 11 కోట్ల మంది తాగుతున్నారు! ప్రభుత్వం దాచింది!" అని, వెనకాల దయ్యం సినిమా మ్యూజిక్. కింద తను రాసింది: "అన్నయ్యా, ఇది నిజమేనా? పాపకి రోజుకి ఆరు సీసాలు కలుపుతున్నా. భయంగా ఉంది."

నేను వెంటనే "ఫేక్‌రా, పట్టించుకోకు" అని టైప్ చేసేశా. పంపే ముందు ఎందుకో ఒకసారి వెతికా. చూస్తే ఫేక్ కాదు. సగం నిజం. ఆ పదార్థం నిజం. 11 కోట్ల లెక్క కూడా నిజమే. "విషం" అని మాత్రం ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. ఇక "ప్రభుత్వం దాచింది" అన్నది పచ్చి అబద్ధం, ఎందుకంటే దాన్ని కనిపెట్టి బయటపెట్టిన టీమ్‌లోనే అమెరికా ప్రభుత్వ సంస్థ ఈపీఏ సైంటిస్ట్ ఉన్నాడు.

సగం నిజానికి జవాబు చెప్పడం పూర్తి అబద్ధానికి చెప్పడం కంటే కష్టం. టైప్ చేసింది చెరిపేసి, "రేపు చెప్తా, ఈలోగా కంగారు పడకు" అని పంపా. తర్వాత రెండు రాత్రులు దీని మీదే కూర్చున్నా.

ఇంకో కారణం కూడా ఉంది. కొన్ని నెలల క్రితం నేనే ఒక షార్ట్ చేశా, మీలో చాలామంది చూశారు. చేతిలో టీడీఎస్ మీటర్ పట్టుకుని, గ్లాసులో ముంచి, "చూశారా, 280 వచ్చింది, ఈ నీళ్ళు సేఫ్" అన్నా. ఆ మాట తప్పండి. టీడీఎస్ మీటర్ చేసేది ఒక్కటే పని, నీళ్ళలోంచి కరెంటు ఎంత సులువుగా పోతోందో కొలవడం. దాన్ని ఒక అంకెతో గుణించి, కరిగిన లవణాలు లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు అని అంచనా వేసి చూపిస్తుంది. ఆ లవణాలు ఏంటో దానికి తెలీదు. నీళ్ళలో బ్యాక్టీరియా ఉన్నా తెలీదు, క్లోరోఫామ్ ఉన్నా తెలీదు. ఇవ్వాళ మాట్లాడుకునే పదార్థం పరిమాణం లీటరుకి 23 మైక్రోగ్రాములు. 280 మిల్లీగ్రాములు అంటే 2,80,000 మైక్రోగ్రాములు. అందులో 23 అంటే, పన్నెండు వేల పైచిలుకు మందిలో ఒక్కడు. మీటరు అంకెలో వాడెక్కడ కనపడతాడు?

అసలు క్లోరిన్ ఎందుకు

ఇది త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే మీకు తెలిసిందే. 1908లో అమెరికాలో జెర్సీ సిటీ నీళ్ళకి ఆగకుండా క్లోరిన్ కలపడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఒక్కో ఊరూ అదే దారి పట్టింది. టైఫాయిడ్, కలరా లాంటివి నగరాల్లో తగ్గిపోవడంలో దీని పాత్ర చాలా పెద్దది. మన దగ్గర కూడా అంతే. తాగునీటికి మన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ప్లాంటులో క్రిములు చచ్చిపోతే చాలదు, కిలోమీటర్ల కొద్దీ పైపుల్లో వచ్చేటప్పుడు కూడా కాపలా ఉండాలి కదా, అందుకు.

కానీ క్లోరిన్‌కి "నువ్వు క్రిములనే ముట్టుకో, మిగతావాటి జోలికి వెళ్ళకు" అని చెప్పలేం. నదిలో, చెరువులో కుళ్ళిన ఆకులు, నాచు, వాటి నుంచి వచ్చిన సేంద్రియ పదార్థం ఉంటుంది. క్లోరిన్ దానితో కూడా రియాక్ట్ అవుతుంది. అప్పుడేం పుడుతుంది?

1974 దాకా దీనికి సరైన జవాబు లేదు. ఆ సంవత్సరం నెదర్లాండ్స్‌లో రాటర్‌డామ్ నీటి సంస్థలో పనిచేసే యోహానెస్ రూక్ అనే కెమిస్ట్, క్లోరిన్ కలిపిన నీళ్ళలో క్లోరోఫామ్, దాని బంధువులు పుడుతున్నాయని పేపర్ రాశాడు. అదే ఏడాది అమెరికాలో ఈపీఏ కెమిస్టులు కూడా అదే చూపించారు. రూక్ వాడిన పద్ధతి సింపుల్. మూత పెట్టిన సీసాలో నీళ్ళ పైన కొంచెం గాలి ఉంటుంది కదా, ఆ గాలిని తీసి గ్యాస్ క్రొమటోగ్రఫీ మెషీన్‌లోకి పంపాడు. క్లోరోఫామ్ 61 డిగ్రీలకే మరిగిపోయే రకం, నీళ్ళలోంచి గాలిలోకి తేలిగ్గా ఎగిరొస్తుంది. అందుకే దొరికింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం: అది దొరికింది ఎగిరే రకం కాబట్టి.

తర్వాత ఎలుకల మీద ప్రయోగాల్లో క్లోరోఫామ్‌తో క్యాన్సర్ వస్తోందని తేలింది. 1979లో అమెరికా ఒక రూల్ పెట్టింది, ఈ జాతివి నాలుగూ కలిపి లీటరుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదని. తర్వాత దాన్ని 80కి దించింది.

ఒక బగ్ ఫిక్స్ చేస్తే...

నాలాగా కోడ్ రాసి బతికినవాళ్ళకి ఇక్కడ ఏం జరుగుతుందో ఊహ తెలిసిపోతుంది. ప్రొడక్షన్‌లో ఒక బగ్ వచ్చింది. ఫిక్స్ పెట్టాలి. ఆ ఫిక్స్ పేరు క్లోరమిన్.

క్లోరిన్ కలిపిన నీళ్ళలో కొలత ప్రకారం అమ్మోనియా కూడా కలిపితే, రెండూ కలిసి మోనోక్లోరమిన్ అవుతుంది. ఇది క్లోరిన్ అంత చురుకైంది కాదు. క్రిముల్ని నిదానంగా చంపుతుంది, కానీ పైపుల్లో చాలాసేపు నిలబడుతుంది. ఆకుల నుంచి వచ్చిన చెత్తతో అంతగా గొడవ పడదు, కాబట్టి క్లోరోఫామ్ చాలా తక్కువ పుడుతుంది. పొడుగాటి పైపులైన్లున్న అమెరికన్ నగరాలకి ఇది బాగా నచ్చింది. మా చెల్లి ఉండే ప్రాంతానికి నీళ్ళిచ్చే నార్త్ టెక్సస్ వాటర్ డిస్ట్రిక్ట్ కూడా ఏడాదిలో ఎక్కువ కాలం క్లోరమినే వాడుతుంది. వసంతకాలంలో ఒక నెల పాటు మామూలు క్లోరిన్‌కి మారి పైపులు శుభ్రం చేసుకుంటుంది. ప్లేనో, ఫ్రిస్కో వైపు ఉన్న మనవాళ్ళు "మార్చి వస్తే నీళ్ళు స్విమ్మింగ్ పూల్ వాసనొస్తాయి" అంటారే, అది ఇందుకే. ఇంట్లో అక్వేరియం పెట్టుకున్నవాళ్ళకి కూడా క్లోరమిన్ సంగతి తెలుసు, కుళాయి నీళ్ళు అలాగే పోస్తే చేపలు చచ్చిపోతాయి. డయాలసిస్ సెంటర్లలో కూడా దాన్ని పూర్తిగా తీసేశాకే నీళ్ళు వాడతారు.

ఇక ఆ ఫిక్స్ తెచ్చిన కొత్త ఇష్యూ. మోనోక్లోరమిన్ నిదానంగానైనా విడిపోతూనే ఉంటుంది. మధ్యలో డైక్లోరమిన్ అవుతుంది, అది విరిగి ఎక్కువగా నైట్రోజన్ గ్యాస్ అయి పోతుంది. పుస్తకాల్లో ఇంతవరకు బాగానే ఉంది. కానీ 1980ల మొదట్లోనే ల్యాబుల్లో ఒక విషయం గమనించారు. ఈ నీళ్ళలోంచి అల్ట్రావయొలెట్ కాంతి పంపితే, తెలిసిన పదార్థాల లెక్కకి అందని కాంతిని ఇంకేదో పీల్చుకుంటోంది. 1990ల్లో అయోవా యూనివర్సిటీలో రిచర్డ్ వాలంటైన్ బృందం దీని వెంట పడింది. అది ఎలాంటి పరిస్థితుల్లో పుడుతుంది, ఎంత నిలకడగా ఉంటుంది అన్నీ చూశారు. కానీ అది ఏంటి అన్నది తేలలేదు. పేపర్లలో దాని పేరే "గుర్తు తెలియని పదార్థం". పోలీస్ రికార్డులో గుర్తు తెలియని వ్యక్తి అని రాస్తారు చూడండి, అలాగ. దాదాపు 40 ఏళ్ళు ఓపెన్‌గా ఉండిపోయిన టికెట్ అది.

ఎందుకు దొరకలేదు? అప్పట్లో నీళ్ళలో తెలియని వాటిని వెతకడానికి పెద్ద ఆయుధం గ్యాస్ క్రొమటోగ్రఫీకి తగిలించిన మాస్ స్పెక్ట్రోమీటర్. అందులోకి వెళ్ళాలంటే పదార్థం ముందు ఆవిరి కావాలి. క్లోరోఫామ్ ఎగురుతుంది, దొరికింది. ఈ పదార్థం అయాన్, అంటే మైనస్ చార్జ్ ఉన్న ఉప్పు లాంటిది. ఉప్పునీళ్ళు మరిగిస్తే ఉప్పు గిన్నె అడుగునే ఉంటుంది కదా, ఆవిరిలో రాదు. ఇదీ అంతే. యాభై ఏళ్ళుగా మనకి నీళ్ళ గురించి తెలిసినవాటిలో చాలా భాగం ఎగిరేవే ఎందుకున్నాయంటే, మన మెషీన్లు ఎగిరేవాటినే చూశాయి కాబట్టి.

అణువుల తూకం

మాస్ స్పెక్ట్రోమీటర్ అంటే అణువుల కోసం పెట్టిన తక్కెడ. ఐడియా 1910ల నాటిది. కేంబ్రిడ్జ్‌లో జె.జె.థామ్సన్ నియాన్ వాయువులో రెండు బరువుల పరమాణువులు ఉన్నాయని చూశాడు, అతని శిష్యుడు ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో మంచి మెషీన్ కట్టి 1922లో కెమిస్ట్రీ నోబెల్ తీసుకున్నాడు. కానీ నీళ్ళలో కరిగిన అయాన్‌ని చెడిపోకుండా మెషీన్‌లోని శూన్యంలోకి తీసుకెళ్ళడం ఎలా అన్నది చాలాకాలం సమస్యగా ఉంది. 1980ల్లో జాన్ ఫెన్ దాన్ని ఎలక్ట్రోస్ప్రేతో తేల్చాడు, ఆయనకీ 2002లో నోబెల్ వచ్చింది. సన్న సూది లాంటి గొట్టం చివర కొన్ని వేల వోల్టులు పెడితే నీళ్ళు మంచు తుంపరలా చిమ్ముతాయి. ఒక్కో తుంపర ఆరిపోతూ చిన్నదవుతూ, చివరికి అందులో ఉన్న అయాన్లు గాలిలో మిగులుతాయి. ఆవిరి కాని ఉప్పుని కూడా ఇలా గాల్లోకి తేవొచ్చు.

ఇక తూకం. ఇప్పుడున్న మంచి మెషీన్లలో ఆర్బిట్రాప్ అని ఒక రకం ఉంది. లోపల కదురు ఆకారంలో ఒక లోహపు ముక్క, దాని చుట్టూ అయాన్లు తిరుగుతాయి. గానుగ చుట్టూ ఎద్దు తిరిగినట్టు అనుకోండి. అలా తిరుగుతూనే కదురు పొడుగునా ముందుకీ వెనక్కీ ఊగుతాయి. తేలికైనవి వేగంగా ఊగుతాయి, బరువైనవి నిదానంగా. ఆ ఊపుల వల్ల పుట్టే చిన్న కరెంటుని రికార్డు చేసి, ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అనే లెక్క వేస్తే, ఏ వేగంతో ఎన్ని ఊగుతున్నాయో బయటికొస్తుంది. పాట వింటే ఏ పాటో చెప్పే యాప్ ఉంది కదా, అందులోనూ ఈ లెక్కే. బీటెక్‌లో సిగ్నల్స్ పేపర్‌లో దీనికి తిట్టుకుంటూ చదివా నేను, ఇన్నాళ్ళకి ప్రేమ పుట్టింది.

సరే, బరువు తెలిస్తే పేరు ఎలా తెలుస్తుంది? ఈ ఎపిసోడ్‌లో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కొంచెం ఓపిక పట్టండి.

స్కూల్లో మనం నైట్రోజన్ 14, ఆక్సిజన్ 16, కార్బన్ 12 అని నేర్చుకున్నాం. కార్బన్-12 ఒక్కటే సరిగ్గా 12, అది కూడా మనం అలా పెట్టుకున్నాం కాబట్టి. మిగతావన్నీ దశాంశాలతో ఉంటాయి. కేంద్రకంలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే శక్తి వల్ల కాస్త బరువు తగ్గుతుంది, ఐన్‌స్టీన్ సమీకరణం అక్కడ పనిచేస్తుంది. ఒక్కో మూలకానికి ఆ తేడా ఒక్కోలా ఉంటుంది. నైట్రోజన్ వాయువు, కార్బన్ మోనాక్సైడ్ రెండూ స్కూల్ లెక్కలో 28. నిజం బరువులు 28.0061, 27.9949. అంటే నాలుగో దశాంశం వరకు తూచగలిగితే, ఆ బరువుకి సరిపోయే కూర్పులు బాగా తగ్గిపోతాయి. కిరాణా బిల్లు మొత్తం 1,247 రూపాయల 35 పైసలు అని తెలిసి, ఒక్కో వస్తువు ధర పైసలతో సహా తెలిస్తే, ఏమేం కొన్నారో వెనక్కి లెక్కకట్టొచ్చు కదా. అదే ఇది.

ఇప్పుడు మన గుర్తు తెలియని వ్యక్తి దగ్గరికి వద్దాం. వాడి బరువు స్కూల్ లెక్కలో 95. కాగితం తీసుకోండి, మీరూ కూడండి. ఒక క్లోరిన్ 34.9689. రెండు నైట్రోజన్లు, ఒక్కోటి 14.0031. రెండు ఆక్సిజన్లు, ఒక్కోటి 15.9949. మైనస్ చార్జ్ ఉందంటే ఒక ఎలక్ట్రాన్ ఎక్కువుంది, దానికి 0.0005. మొత్తం 94.9654. ఇదే 95 దగ్గర మీథేన్‌సల్ఫొనేట్ అనే ఇంకో అయాన్ కూడా ఉంటుంది, దాని బరువు 94.9808. తేడా 0.0154. 95 కిలోల ఇద్దరు మనుషుల్లో ఒకడి జేబులో బీరువా తాళంచెవి ఉందా లేదా అని తూకం వేసి చెప్పడం లాంటిది.

రెండో ఆధారం క్లోరినే ఇస్తుంది. ప్రకృతిలో క్లోరిన్ రెండు బరువుల్లో దొరుకుతుంది, 100లో దాదాపు 76 తేలికవి, 24 బరువువి. కాబట్టి అణువులో ఒక క్లోరిన్ ఉంటే, అసలు గీత పక్కన సుమారు రెండు యూనిట్ల దూరంలో, దాదాపు మూడో వంతు ఎత్తుతో ఇంకో గీత రావాలి. తల్లి పక్కన పిల్లలా. సరిగ్గా రెండు కూడా కాదు, 1.9971. మన పదార్థానికి ఆ పిల్ల గీత 96.9624 దగ్గర రావాలి.

చిక్కు ఎక్కడంటే, కుళాయి నీళ్ళలో సల్ఫేట్ మామూలుగానే ఉంటుంది. అది ఎలక్ట్రోస్ప్రేలో ఒక హైడ్రోజన్ పట్టుకుని 96.9601 దగ్గర కనపడుతుంది. తేడా 0.0023. 97 కిలోల మనిషి మీద రెండుంపావు గ్రాములు, చెవిలో పెట్టుకున్న ఇయర్‌బడ్ కంటే తక్కువ. పైగా సల్ఫేట్ మన పదార్థం కంటే వెయ్యి రెట్లు ఎక్కువ ఉండొచ్చు. జాతరలో మైకు పక్కన నిలబడి గుసగుస వినాలన్నట్టు.

అందుకే మాస్ స్పెక్ట్రోమీటర్‌కి ముందు ఇంకో మెషీన్ పెడతారు, అయాన్ క్రొమటోగ్రఫీ. సన్నటి గొట్టంలో ఒక రకం రెసిన్ పూసలు నింపి, నీళ్ళని అందులోంచి పంపుతారు. పెళ్ళిలో కొందరు గేటు నుంచి నేరుగా భోజనాలకి వెళ్ళిపోతారు. కొందరు మామయ్యలు వరస వరసకీ ఆగి, అందరినీ పలకరించి, గంట తర్వాత చేరతారు. అయాన్లూ అంతే, పూసలకి ఎక్కువ అతుక్కునేవి ఆలస్యంగా బయటికొస్తాయి. సల్ఫేట్ ఒక నిమిషంలో, క్లోరైడ్ ఇంకో నిమిషంలో, మన పదార్థం ఇంకెప్పుడో. ఒక్కొక్కరినీ విడిగా తూకం మీదికి ఎక్కిస్తే, గుసగుస కూడా వినిపిస్తుంది.

టికెట్ క్లోజ్ అయింది

2024 నవంబర్‌లో సైన్స్ పత్రికలో పేపర్ వచ్చింది. అర్కన్సా యూనివర్సిటీలో జూలియన్ ఫెయిరీ, ఈపీఏలో డేవిడ్ వామన్, స్విట్జర్లాండ్‌లో ఈటీహెచ్ జ్యూరిక్‌కి చెందిన జూలియానా లాస్జకోవిట్స్, ఇంకా వాళ్ళ సహచరులు. క్లోరమిన్ విడిపోయినప్పుడు పుట్టే ఆ పదార్థం క్లోరోనైట్రమైడ్ అయాన్ అని తేల్చారు. ఒక క్లోరిన్, దానికి ఒక నైట్రోజన్, దానికి నైట్రో గుంపు, పైన ఒక మైనస్ చార్జ్. మీరు కాగితం మీద కూడిన లెక్కే.

బరువు కుదిరిందని ఊరికే పేరు పెట్టెయ్యలేదు. అవే పరమాణువులు వేరే వరసలో అతుక్కున్నా బరువు అంతే ఉంటుంది. బిల్లు చూస్తే ఏమేం కొన్నారో తెలుస్తుంది, సంచిలో ఎలా సర్దారో తెలీదు. అందుకే ల్యాబ్‌లో దాన్ని తయారుచేసి, ఎన్ఎంఆర్ లాంటి వేరే పద్ధతులతో కూడా ఏ పరమాణువు ఎవరి పక్కన ఉందో సరిచూశారు. కోడ్ రివ్యూలో ఒక్కడు ఓకే అంటే మెర్జ్ చెయ్యరు కదా.

తర్వాత నిజం కుళాయిల దగ్గరికి వెళ్ళారు. క్లోరమిన్ వాడే అమెరికన్ వ్యవస్థల నుంచి 40 నమూనాలు తీశారు. నలభైలోనూ దొరికింది. మధ్యస్థం లీటరుకి 23 మైక్రోగ్రాములు. అంటే వరసలో పెడితే సగం నమూనాల్లో ఇంతకంటే తక్కువ, సగంలో ఎక్కువ. పాతిక శాతం నమూనాల్లో 1.3 కంటే తక్కువ, పాతిక శాతంలో 92 కంటే ఎక్కువ. అంత తేడా ఉంది ఊరికీ ఊరికీ. క్లోరమిన్ వాడని స్విట్జర్లాండ్ నీళ్ళలో చూస్తే లేదు. ఈ చివరిది నాకు ముఖ్యం అనిపించింది, ఎందుకంటే మెషీన్ ప్రతి నీళ్ళలోనూ ఉందని చెప్తే ముందు మెషీన్‌నే అనుమానించాలి.

అమెరికాలో క్లోరమిన్ నీళ్ళు అందుకునేవాళ్ళు 11.3 కోట్లకి పైగా. రీల్‌లో చెప్పిన అంకె ఇక్కడిదే. రీల్ ఎగరగొట్టిన వాక్యం ఏంటంటే, దీని విష ప్రభావం మీద ఇప్పుడు పరిశోధన జరగాలి అని పేపర్ అంటోంది. విషం అని అనలేదు. విషం కాదు అని కూడా అనలేదు. ఇన్నాళ్ళూ ఆ పరీక్ష చెయ్యలేకపోయారు, ఎందుకంటే పేరు, నిర్మాణం తెలియని పదార్థాన్ని స్వచ్ఛంగా తయారుచేసి పరీక్షించడం కుదరదు. ఇప్పుడు కుదురుతుంది.

కొంతమంది "92 అంటే క్లోరోఫామ్ జాతి లిమిట్ 80 కంటే ఎక్కువే కదా" అని కామెంట్లలో పెడతారు, ముందే చెప్తున్నా. ఆ పోలిక నీళ్ళలో ఇది ఏదో మూలన ఉన్న చుక్క కాదు, పట్టించుకోవాల్సినంత ఉంది అని చెప్పడానికి పనికొస్తుంది. ప్రమాదం ఎంత అని చెప్పడానికి పనికిరాదు. ఉప్పు పది గ్రాములు, సైనైడ్ పది గ్రాములు ఒకటి కాదు. అలాగే "లీటరులో ఎన్ని కోట్ల అణువులు" అని భయపెట్టేవాళ్ళూ వస్తారు. 23 మైక్రోగ్రాములంటే లీటరుకి దాదాపు 1,460 కోట్ల కోట్ల అయాన్లు. వినడానికి గుండె ఆగుతుంది. అణువులు లెక్కపెడితే అన్నీ అలాగే ఉంటాయి, దానికి అర్థం లేదు.

మన దగ్గర సంగతి అడుగుతారు. మన నగరాల్లో మామూలుగా వాడేది క్లోరిన్ గ్యాస్, హైపోక్లోరైట్. కావాలని అమ్మోనియా కలిపే పద్ధతి అమెరికాలో ఉన్నంతగా మన దగ్గర లేదు. కానీ నదిలోకి మురుగు వస్తే అమ్మోనియా దానంతట అదే వస్తుంది. ఢిల్లీలో యమున నీళ్ళలో అమ్మోనియా పెరిగి ప్లాంట్లు ఆపాల్సి వచ్చిందని వార్తలు చదివే ఉంటారు. అలాంటి నీళ్ళలో క్లోరిన్ పోస్తే ఎవరూ అనుకోకుండానే క్లోరమిన్ తయారవుతుంది. అందుకే మన ఐఎస్ 10500లో కూడా క్లోరమిన్‌కి ఒక పరిమితి ఉంది, లీటరుకి 4 మిల్లీగ్రాములు. క్లోరోఫామ్‌కి ఉంది, 0.2 మిల్లీగ్రాములు. వాటిని కొలవాలంటే మీటర్ ముంచితే చాలదు, ల్యాబ్ కావాలి.

మా చెల్లికి ఏం చెప్పానంటే

మూడో రోజు వీడియో కాల్ చేశా. పాప ఒళ్ళోనే ఉంది. పైన చెప్పిందంతా ఐదు నిమిషాల్లో చెప్పా. తను విని, "అవన్నీ సరే అన్నయ్యా, కుళాయి నీళ్ళు మానేయనా వద్దా?" అంది. ఇంజనీర్లకి, తల్లులకి తేడా ఇదే.

నేను చెప్పింది ఇది. క్రిములను చంపని నీళ్ళ వల్ల వచ్చే జబ్బులు ఎలాంటివో వందేళ్ళుగా మనకి తెలుసు, వాటితో పసిపిల్లలు చచ్చిపోతారు. ఈ కొత్త పదార్థం ఏం చేస్తుందో ఇప్పుడు పరీక్షించబోతున్నారు. తెలిసిన ప్రమాదాన్ని తెచ్చుకుని తెలియని ప్రమాదం నుంచి తప్పించుకోవడం లెక్క కాదు. కాబట్టి భయపడి ఎక్కడో బోరు నీళ్ళు, ఎవరో పరీక్షించని డబ్బా నీళ్ళు తెచ్చి పాలు కలపకు. రెండోది, అక్కడ ప్రతి నీటి సంస్థ ఏటా జులై 1 లోపు నాణ్యత రిపోర్ట్ ఇవ్వాలి. అది తియ్యి, సీసం, నైట్రేట్ ఎంతున్నాయో చూడు. పసిపిల్లల విషయంలో ఆ రెండూ చేసే హాని ఇప్పటికే తెలుసు. పాత బిల్డింగ్ అయితే సీసం ఇంటి పైపుల నుంచి కూడా వస్తుంది, కాబట్టి పొద్దున్నే మొదట వచ్చే నీళ్ళు పాలకి వాడకు. మూడోది, పాలపొడికి ఏ నీళ్ళు వాడాలో పాప డాక్టర్‌ని అడుగు, యూట్యూబ్ అన్నయ్యని కాదు.

మర్నాడు పొద్దున రిపోర్ట్ స్క్రీన్‌షాట్లు పంపింది. చక్కగా మార్కర్‌తో గీతలు కొట్టి మరీ. సీసం, నైట్రేట్ రెండూ పరిమితికి బాగా కిందే ఉన్నాయి. కింద ఒక ప్రశ్న: "మొత్తం వెతికా, క్లోరోనైట్రమైడ్ అన్న పేరే లేదేంటి?"

ఉండదు. రిపోర్ట్‌లో వచ్చేవి ప్రధానంగా రూల్ ఉన్న పదార్థాలు, కొలవమని చెప్పినవి. దీనికి ఇంకా రూల్ లేదు. 1973లో అయితే క్లోరోఫామ్ పేరు కూడా ఏ రిపోర్ట్‌లోనూ ఉండేది కాదు. ఇదే రాసి పంపా. కాసేపటికి జవాబొచ్చింది: "సరే. మరి ఆ రీల్ పెట్టినవాడికి కూడా ఇది పంపనా?" పంపమన్నా. వాడు బ్లాక్ చేశాడట.

నా పాత టీడీఎస్ షార్ట్ డిలీట్ చెయ్యలేదు. పైన పిన్ చేసిన కామెంట్‌లో తప్పేంటో రాశా, ఈ ఎపిసోడ్ లింక్ పెట్టా. మీ ఇంట్లో ఎవరైనా అది చూసి మీటర్ కొనుక్కుని ఉంటే, ఆర్‌వో మెంబ్రేన్ పాడైందో లేదో చూసుకోవడానికి ఇప్పటికీ పనికొస్తుంది, పారెయ్యకండి. ఆర్‌వో గురించి వచ్చే వారం. ఉంటా.